చెరువు శిఖం (చెరువులో నీళ్లు నిలిచే జాగ) మ్యాపులో ‘బీడు’గా పడుతోందన్న ప్రశ్నకు

మీరు వాడింది ఒక్క మే నెల ఉపగ్రహ చిత్రం. తేడా అక్కడే కొట్టింది. ఎండాకాలంలో మన వరంగల్ దిక్కు చిన్న చెరువులు నెర్రెలు బారి ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కు అది బీడే.

1. సెంటినెల్-2 (యూరప్ వాళ్ల ఉపగ్రహం) చిత్రాలు మూడు తీసుకోండి: అక్టోబర్ చివర, ఫిబ్రవరి, మే. జులై, ఆగస్టు మబ్బులతో కుస్తీ వద్దు.

2. మూడింటికీ ఎన్‌డీడబ్ల్యూఐ (నీళ్లను పట్టిచ్చే సూచిక) కట్టండి: (బ్యాండ్ 3 − బ్యాండ్ 8) ÷ (బ్యాండ్ 3 + బ్యాండ్ 8). బ్యాండ్ 3 అంటే ఆకుపచ్చ కాంతి, బ్యాండ్ 8 అంటే కంటికి కనపడని పరారుణ కాంతి. సున్నా దాటితే చాలావరకు నీళ్లే. గుర్రపుడెక్క కమ్మిన చోట మాత్రం మోసపోతారు, అది పచ్చదనంగా కనిపిస్తుంది.

3. అందరూ ఎగ్గొట్టేది ఇదే. ప్రింటు పట్టుకుని కట్ట మీదికి పోండి. చేపలు పట్టేవాళ్లను, గొర్లకాపరులను, ఒండ్రుమట్టి తోలుకునే రైతులను విడివిడిగా కలవండి. ఏ నెలలో ఎక్కడిదాకా వాడుకుంటారో పెన్సిల్‌తో వాళ్లతోనే గీయించండి. నేను ‘ఖాళీ’ అని రాసుకున్న జాగ చూసి ఒక కాపరి నవ్వాడు: మార్చి నుంచి ఆయన మంద మేసేది అక్కడే. అదే జాగ అక్టోబర్‌లో చేపలది, మేలో మట్టిది. ఒక పాలిగాన్‌కు (మ్యాపులో గీసిన జాగ హద్దుకు) ఒకటే సేవ, అంటే ఆ జాగ ఇచ్చే ఒకటే ఉపయోగం, రాస్తే మిగతా రెండూ గల్లంతే.

4. అందుకే పాలిగాన్ల వివరాలు రాసే పట్టికలో నెలకో కాలమ్ పెట్టండి. మ్యాపు రంగుల సంగతి తర్వాత.