మిద్దె దిగి రాయి నాయనా

అనంతపురం

నాయనా,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. భాష శుభ్రంగా ఉంది. మొదటి పేజీలోనే ‘నేటి సమాజం’ పదేపదే కనిపిస్తే పెన్సిల్‌తో కొట్టేశాను, కోప్పడకు. ఆ మాట వాడినప్పుడల్లా మనం మిద్దె మీద నిలబడి కింద జనాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. నువ్వుండేది కదిరిలో. మీ వీధిలో ఎవరి పిల్లోడు ఏ హాస్టల్లో ఉన్నాడో నీకు తెలుసు. అక్కడినుంచి మొదలుపెట్టు.

‘తల్లిదండ్రులు పిల్లలను ర్యాంకుల యంత్రాలుగా మారుస్తున్నారు’ అన్నావు. అబద్ధమని అనను. కానీ ఎవరా తల్లిదండ్రులు? ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు పడదు. ముంగారు వానకు శెనక్కాయ విత్తనాలు కొనాల్సింది జూన్ ప్రాంతంలో. కాలేజీలో మొదటి విడత ఫీజు కట్టాల్సిందీ అప్పుడే. చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతే రైతు ఏం చేస్తాడు? నేను చూసినంతలో ఫీజు కట్టి, విత్తనాలకు అప్పు తెస్తాడు. భూమి మోసం చేసినా చదువు చేయదని ఆయన లెక్క. దాన్ని దురాశ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఆ వ్యాసం ఆయన ముందు కూర్చుని చదవగలవా?

అలాగని ఆ తండ్రిని వెనకేసుకు రమ్మనడం లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎండిపోయిన పంటలన్నీ పదహారేళ్ల కొడుకు మార్కుల్లో తిరిగి రావాలా? నాన్న పడ్డ కష్టం కొడుకు నెత్తిన ప్రోనోటులా ఎప్పుడు మారింది? ఆదివారం ఫోన్లో ‘తిన్నావా’ అనకముందే ‘టెస్టులో ఎంతొచ్చింది’ అని అడిగే ఇళ్లు నీకూ తెలుసు. ఆ ఫోన్ కాల్ ఒక్కటి సరిగ్గా రాయగలిగితే, నువ్వు రెండు పేజీల్లో చెప్పిన తత్వమంతా అందులోనే ఇమిడిపోతుంది.

విద్యాహక్కు చట్టాన్ని రెండు లైన్లలో దాటేశావు. నాకది నచ్చలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. భయం లేని చదువు ఉండాలంది. అయితే అది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు ఉద్దేశించింది. తెల్లవారకముందే లేచి స్టడీ అవర్లో కూర్చునే ఇంటర్ పిల్ల ఆ వయసు దాటేసింది. టెన్షన్ ముదిరే వేళకే ఆ చట్టం గడువు తీరిపోతోంది. ఇంకోటి, చిన్న పిల్లల విషయంలోనైనా ‘నాలుగు తగిలించండి సార్’ అని బడికొచ్చి చెప్పే నాన్నలు మన దగ్గర తక్కువా? ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడు. కోపం కన్నా భయమే ఎక్కువ కనబడుతుంది నాకు.

సంస్కృతి పోతోందని రెండో వ్యాసంలో బాధపడ్డావు. ఆ పాతకాలంలో మీ అవ్వ ఎన్నో తరగతి దాకా చదివిందో అడిగావా? ఉమ్మడి కుటుంబాన్ని పొగిడే ముందు అందులో పొయ్యి ముందు కూర్చున్నవాళ్లను కదిలించు. నష్టం లేదని కాదు. మనవడు ఇంగ్లీషు మీడియం హోంవర్కు చేస్తుంటే, ఒకప్పుడు లెక్కలన్నీ నోటితో చెప్పిన అవ్వ ఏమీ అందుకోలేక లేచి పోతుంది చూడు, దాన్ని రాయి.

సెల్‌ఫోన్ మీద రాసిన మూడోది పక్కన పెట్టెయ్. అందులో కొత్తగా ఏమీ లేదు.

కటారుపల్లి మీకు దగ్గరే. వేమన సమాధి చూసే ఉంటావు. ఆయన ఎంత పెద్ద మాటైనా ఉప్పు, కప్పురం, చెప్పు, కుక్క లాంటి వాటిని పట్టుకునే చెప్పాడు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించకముందే ఆ పద్యాలు జనం నోళ్లలో తిరిగాయంటే అందుకే. (ఆటవెలది పొట్టిది కావడం కూడా కలిసొచ్చింది, అది వేరే సంగతి.)

మొదటి వ్యాసం తిరగరాయి. ర్యాంకుల ఫ్లెక్సీల గురించి రాసిన పేరా తీసెయ్యొద్దు, బాగా కుదిరింది. దసరా సెలవులకు హాస్టల్ పిల్లలు ఇళ్లకు వస్తారు కదా, ఒక ఇంటికి పో. తండ్రితో మాట్లాడు. ఆయన లేనప్పుడు పిల్లోడితో విడిగా మాట్లాడు. రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ, ఊరి పేరూ మార్చు. రాతప్రతి పోస్టులో పంపు. వాట్సాప్‌లో పీడీఎఫ్ చదవడం నా కళ్ల వల్ల కాదు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన