రాజీనామా ఇచ్చే ముందు

తల్లీ,

ఉద్యోగం మానేసి ఇక పూర్తిగా డబ్బు సంగతులే రాస్తానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో భయమే ఉంది. నాకు మాత్రం భయమూ గర్వమూ ఒక్కసారే కలిగాయి. వడ్డీ లెక్కను కథలా చెప్పే నేర్పు నీది. ఈఎంఐ కట్టే తొలి ఏళ్లలో అప్పు తాలూకు అసలు మొత్తం పెద్దగా ఎందుకు తరగదో నువ్వు రాసిన వ్యాసం చదివి, ఇంతకాలం ఇదే పని చేసిన నేను కూడా ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదే అనుకున్నాను. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. లెక్క రెండుసార్లు సరిచూసుకో. తెలియనిది రాయకు. కమీషన్ తీసుకుంటే ఆ మాట పాఠకుడికి ముందే చెప్పు. ఫలానా షేరు కొనమని ఎవరికీ చెప్పకు. వీటి గురించి ఇంతకంటే రాయను.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. మార్కెట్లు ఎక్కుతున్నంత కాలం డబ్బు గురించి రాసేవాళ్లు ఎటు చూసినా కనిపిస్తారు. మాంద్యం రాగానే వాళ్లలో చాలామంది గొంతు వినిపించదు. జనానికి వాళ్ల అవసరం ఎక్కువయ్యేది సరిగ్గా అప్పుడే. దీన్ని పిరికితనం అంటారు చూసేవాళ్లు. దగ్గరనుంచి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అందులో పిరికితనం పాలు చాలా తక్కువ.

వాళ్ల సంపాదన ఎక్కడినుంచి వస్తుందో చూడు. పాఠకుడు ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. బ్యాంకులు, క్రెడిట్ కార్డు సంస్థలు, ఫండ్లు, బ్రోకర్లు ఇచ్చే ప్రకటనలూ కమీషన్లే ఆధారం. గడ్డు రోజులు రాగానే ఏ సంస్థ అయినా తొందరగా కోసేది ప్రకటనల ఖర్చునే. పాత బాకీలే వసూలు కాని కాలంలో కొత్త కార్డులు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి, కార్డు తీసుకునే మనిషిని చూపించినందుకు ఇచ్చే కమీషనూ దాంతోపాటే తగ్గిపోతుంది. అంటే సలహా కోసం జనం ఎక్కువగా వెతికే నెలల్లోనే సలహా రాసేవాడి ఇంట్లో ఆదాయం పడిపోతుంది. మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి, అదీ ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో. అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది, 2020 ఏప్రిల్‌లో 14 శాతం దాటింది. అలాంటి నెలల్లో ఇల్లు గడవక రెండో పని చూసుకునేవాడు చక్రవడ్డీ మీద వ్యాసం రాస్తాడా? నువ్వు వదులుకుంటున్న జీతమే నీ రాతకు స్వేచ్ఛనిస్తోందని నీకు ఇప్పుడు తెలియడం లేదు. ఆ మాట చెప్పేవాళ్లు ఎవరూ లేరనే నేను చెబుతున్నాను.

ఇక రెండో కారణం డబ్బుది కాదు, మనసుది. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి అని మంచి రోజుల్లో రాస్తే అది హితవు. జీతం ఆగిపోయినవాడి ముందు అదే మాట అంటే దెప్పినట్టు ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం కాబట్టి, అందరూ ఒక్కసారిగా చేతులు ముడుచుకుంటే అందరి ఆదాయమూ తగ్గుతుందని 1930లలో ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ వాదించాడు. ఒక ఇంటిని నిలబెట్టే పొదుపు దేశమంతా కలిసి చేస్తే పక్కింటివాడి ఉద్యోగం మీదికి రావచ్చు. ఆలోచించి రాసేవాళ్లకు ఇక్కడే కలం ఆగుతుంది. నా మట్టుకు నేను, ఇల్లు గడవని మనిషికి ముందు తన ఇల్లే ముఖ్యమని రాస్తూ వచ్చాను. ఇప్పటికీ అదే అంటాను.

చిన్న వయసు కూడా ఒక కారణమే, కోప్పడకు. అమెరికాలోని దాదాపు 500 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి లోపు దాదాపు 57 శాతం పడింది. అక్కడినుంచి 2020 ఫిబ్రవరి దాకా, మధ్యమధ్య ఒడుదుడుకులున్నా, మొత్తంమీద ఎక్కుతూనే వచ్చింది. ఆ కాలంలో కలం పట్టినవాళ్లకు పతనమంటే చదివి తెలుసుకున్నదే. 2020లో నెల రోజుల్లో 34 శాతం పడి ఆగస్టుకల్లా పాత ఎత్తును అందుకునేసరికి, కాస్త ఓపిక పడితే అంతా సర్దుకుంటుందనే ధీమా ఇంకా బలపడింది. మరి జపాన్ షేర్ల సూచీ నిక్కీ? 1989 డిసెంబరులో చేరిన శిఖరాన్ని మళ్లీ దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. దీర్ఘకాలం అని రాసే ప్రతిచోటా అది ఎంత కాలం కావచ్చో కూడా రాయి. నీ సొంత ఆస్తి ఇంత పెరిగిందని నెలనెలా ప్రకటించే అలవాటు మాత్రం చేసుకోకు. పెరిగిన నెల సంబరంగా చూపించినవాడు తరిగిన నెల ముఖం చాటేస్తాడు. అలా చాటేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు నాతోపాటు ఒకే పత్రికలో డబ్బు సంగతులు రాసిన ఒక మిత్రుడి సంగతి. ఆయన ఇప్పుడు లేరు, పేరు చెప్పను. 2008 సెప్టెంబరు 15న అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత మాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ ఒకటే ప్రశ్న, ఉన్నవన్నీ అమ్మేయాలా అని. ధరలు పడినప్పుడే కొనాలి, చేతిలో నిల్వ ఉన్నవాళ్లకు ఇది మంచి అవకాశం అని ఆయన తన శీర్షికలో రాశారు. అది అబద్ధం కాదు. ఆ పతనంలో సూచీ ఫండ్లు, అంటే సూచీలోని షేర్లన్నిటినీ కలిపి కొనే ఫండ్లు, కొని పదేళ్లు కదపకుండా ఉంచినవాళ్లు బాగుపడ్డారు. కానీ ఏ నిల్వ, ఎవరి నిల్వ అన్నది ఆయన విప్పి చెప్పలేదు. ఒక పాఠకుడు ఆపదకని దాచుకున్న మొత్తమంతా తీసి షేర్లలో పెట్టాడు. కొద్ది నెలలకు అతని ఉద్యోగం పోయింది. అప్పటికి ధరలు ఇంకా పడి ఉన్నాయి. ఇల్లు గడవడానికి వాటిని సగం ధరకు అమ్ముకున్నాడు. సగానికి పడినది మొదటి చోటికి రావాలంటే రెట్టింపు కావాలి. అమ్మేసుకున్నవాడికి ఆ రెట్టింపు ఎప్పుడొస్తేనేం?

అతను ఉత్తరం రాశాడు. నేనూ చదివాను. నింద ఒక్కటీ లేదు. మీరు చెప్పినట్టే చేశాను, ఇప్పుడు ఇంటి అప్పు వాయిదా కట్టాలా, పిల్లల ఫీజు కట్టాలా, మీరే చెప్పండి అని అడిగాడు. మా మిత్రుడు ఆ ఉత్తరాన్ని చాలా రోజులు బల్లమీదే పెట్టుకున్నారు. ఒక వారం ఒంట్లో బాగోలేదన్నారు, తర్వాతి వారం వ్యాసం ఇవ్వలేదు, ఆపైన శీర్షికే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో పాఠకులకు ఒక్క వాక్యమైనా చెప్పలేదు. ఆయన పేరున ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

కొనమన్నందుకు ఆయనను నేను తప్పుపట్టను. కొన్ని షరతులు చేర్చాల్సింది, చేర్చలేదు. అది ఎవరికైనా జరుగుతుంది. ఆ ఉత్తరానికి జవాబు రాయకపోవడమే ఆయన చేసిన పెద్ద తప్పు. ఆ మనిషి మార్కెట్ ఎప్పుడు లేస్తుందని అడగలేదు. వాయిదా తప్పకముందే అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి గడువు అడుగు, గడువు ఇచ్చినా వడ్డీ సాధారణంగా ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి అవసరమైనన్ని నెలలకే తీసుకో, ఫీజు విడతలుగా కడతానని బడివాళ్లను అడుగు, తిండికీ మందులకూ కావలసింది తీసి పక్కన పెట్టాకే మిగతా బాకీల సంగతి చూడు. ఇంతే కదా రాయవలసింది! ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. సిగ్గు ఆయన చేయి ఆపేసింది. సిగ్గుపడ్డాడంటేనే మంచివాడని అర్థం, కానీ ఆ మంచితనం ఆ పాఠకుడికి ఏ విధంగానూ అక్కరకు రాలేదు. నీ మనసూ అలాంటిదే, తల్లీ. ఎవరైనా బాధపడ్డారంటే అన్నం ముట్టని పిల్లవి. నా భయమంతా దాని గురించే.

అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరు చదివే ఉంటావు. షేర్ల ధరలు ఇక శాశ్వతంగా ఎత్తులోనే ఉంటాయన్నట్టు 1929 అక్టోబరులో మాట్లాడాడు. కొద్ది రోజులకే మార్కెట్ కూలింది, ఆయన సొంత సంపద కూడా కొట్టుకుపోయింది. లోకమంతా నవ్వింది. అయినా ఆయన రాయడం మానలేదు. అప్పులు పేరుకున్న కాలంలో వస్తువుల ధరలు పడిపోతే ఆ అప్పుల నిజమైన బరువు ఎలా పెరుగుతుందో విడమరిచి 1933లో వ్యాసం ప్రచురించాడు. ఆనాడు ఎక్కువమంది పట్టించుకోలేదు గానీ, 2008 తర్వాత ఆర్థికవేత్తలు మళ్లీ దాన్నే తిరగేశారు.

అందరూ ఫిషర్‌లా నిలబడాలని నేను అనను. వెనక్కి తగ్గవలసి వస్తే తగ్గు. నీ ఇంట్లోనే కష్టం ఉన్నప్పుడు ఊరందరి కష్టం మొయ్యలేవు, మొయ్యాలని ఎవరూ అడగరు. కాకపోతే చెప్పి తగ్గు. ఇప్పుడు రాయలేకపోతున్నాను, అత్యవసరమైన వాళ్లు ఈ పాత వ్యాసాలు చూడండి అని రెండు వాక్యాలు చాలు. ఆ పాత వ్యాసాలు అప్పటికి ఉండాలంటే ఇప్పుడే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి. ఉద్యోగం పోయిన మొదటి వారం ఏం చేయాలి, ఉన్న డబ్బు అన్ని బాకీలకూ చాలనప్పుడు ఏది ముందు, దాచుకున్న వాటిలో ఏది చివరిదాకా తాకకూడదు, ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి. నీ వ్యాసాలన్నీ చదివాను, వీటిలో ఒక్కటీ లేదు. మదుపు మీద మాత్రం బోలెడు ఉన్నాయి. ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది.

నీకు మాత్రం రెండేళ్ల ఇంటి ఖర్చు మార్కెట్‌తో సంబంధం లేని చోట ఉండాలి. జీతం మీద బతికేవాళ్లకు ఆరు నెలలు సరిపోవచ్చు. ప్రకటనల మీద బతికేవాళ్లకు చాలదు, ఎందుకంటే నీ ఆదాయమూ నీ మదుపూ ఒకే రోజున పడతాయి. అంత లేకపోతే ఇంకొంతకాలం ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు రాయి. అలసిపోతావని తెలుసు. మీ అమ్మ కూడా అదే అంది.

నెల ఖర్చు ఎంత, చేతిలో ఎంత ఉంది, రాతవల్ల వచ్చేదానిలో ప్రకటనల, కమీషన్ల వాటా ఎంత, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పంపు. దాచకుండా రాయి. లెక్క చూసి ఆదివారం ఫోను చేస్తాను. అంతవరకు రాజీనామా పంపకు. లెక్క సరిపోతే మీ అమ్మకు నచ్చజెప్పే పని నాది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ