గట్టి బంకమట్టి బలం కొలిచే యూసీఎస్, ట్రయాక్సియల్ పరీక్షల విలువలు కలవడం లేదు. ఏది నమ్మాలి?

నల్లరేగడి, మూడు మీటర్ల లోతు, ఒకే ట్యూబులోని మట్టి. షియర్ స్ట్రెంత్ (మట్టి తెగి జారకుండా ఓర్చుకునే బలం) యూసీఎస్‌లో, అంటే శాంపిల్‌ను పైనుంచి మాత్రమే నొక్కే పరీక్షలో, 55 కేపీఏ (కిలోపాస్కల్), యూయూ ట్రయాక్సియల్‌లో, అంటే నీటి రాకపోకలు ఆపి చుట్టూ ఒత్తిడి పెట్టి నొక్కే పరీక్షలో, 130 వచ్చింది, ల్యాబు తప్పు చేసిందా అని మీ అనుమానం. తప్పు చేసి ఉండకపోవచ్చు. గుంటూరు, ప్రకాశం వైపు శాంపిళ్లలో ఈ తేడా నాకు మామూలే.

ఆ మట్టి ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతూ లోపలంతా సన్న నెర్రెలు పెడుతుంది. యూసీఎస్‌లో పక్కల నుంచి పట్టే ఒత్తిడి ఉండదు కాబట్టి శాంపిల్ నెర్రె వెంటే విడిపోతుంది. యూయూలో చుట్టూ పెట్టే ఒత్తిడి (సెల్ ప్రెషర్) ఆ నెర్రెను మూసి పట్టుకుంటుంది. అందుకే నేను రిపోర్టు కన్నా ముందు విరిగిన ముక్కను అడుగుతాను. తెగిన చోటు అద్దంలా మెరుస్తూ, ఒకే వైపుకు సన్నటి గీతలతో ఉంటే అది పాత జారుడు తలం. గరుకుగా, మెరుపు లేకుండా ఉంటే మట్టి నిజంగా అప్పుడే తెగిందన్నమాట.

అలాగని 130ని గుడ్డిగా నమ్మకండి. 38 ఎంఎం శాంపిల్ చెక్కేటప్పుడే నెర్రె ఉన్న ముక్కలు చేతిలో విరిగిపోతాయి. మిగిలిన గట్టి ముక్కే మిషనెక్కుతుంది! గట్టి బంకమట్టికి ట్యూబు నుంచి తీసిన 100 ఎంఎం శాంపిల్‌నే, 200 ఎత్తుతో, నేరుగా పరీక్షించమనండి. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ వాదనలు తగ్గుతాయి.

బోరు ఏ నెలలో వేశారో కూడా చూడండి. మే నెలలో తీసిన రేగడి సక్షన్ (ఎండిన మట్టిలో మిగిలిన నీరు రేణువులను దగ్గరికి లాగే బిగువు) వల్ల రాయిలా ఉంటుంది. యూయూలో నీరు చేరనివ్వరు కాబట్టి ఆ ఎండాకాలపు బిగువు కూడా బలంగానే లెక్కకొస్తుంది. వానాకాలంలో అది ఉండదు. తేమ శాతం పక్కన లేని షియర్ విలువను నేను డిజైన్‌లో వాడను.

ఫుటింగ్ అయితే పెద్ద శాంపిళ్ల యూయూ విలువల్లో తక్కువ వైపువి తీసుకుని, బోరులో సుత్తి దెబ్బలు లెక్కపెట్టే ఎస్పీటీ పరీక్షతో సరిచూస్తాను. ఆ దెబ్బల సంఖ్య ఎన్‌కు నాలుగైదు రెట్లు కేపీఏ అన్నది మోటు లెక్కే అయినా, విలువ ఎటు తిరిగిందో తెలుస్తుంది.

మీది కాలువ కోతో, రోడ్డు కటింగో అయితే ఈ రెండు అంకెలూ పనికిరావు. కోసిన మట్టి మెల్లగా నీరు పీల్చుకుని ఏళ్ల తర్వాత జారుతుంది. లండన్ కింద ఉండే గట్టి బంకమట్టి లండన్ క్లేలో, కెన్సల్ గ్రీన్ దగ్గర 1912లో కట్టిన రిటైనింగ్ గోడ 1941లో విఫలమైంది. అలాంటి చోట మట్టిని ముందు ఒత్తిడి కింద సర్దుకోనిచ్చి, లోపలి నీటి ఒత్తిడి (పోర్ ప్రెషర్) కొలిచే సీయూ ట్రయాక్సియల్ పరీక్ష, జారిన తలం కనిపిస్తే రెసిడ్యువల్ స్ట్రెంత్ (బాగా జారాక మిగిలే బలం) కూడా కావాలి.

కట్టేది ఏమిటో, శాంపిళ్ల తేమ శాతం ఎంతో రాసి, విరిగిన ముక్కల ఫోటోలు పెట్టండి.