మంజూకి పెదనాన్న రాయునది

పర్లాకిమిడి

మంజూ,

నువ్వు శనివారం ఫ్రెండ్స్‌తో తుపాకీ కాల్చే షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నావని మీ తమ్ముడు నోరు జారాడు. మీ అమ్మకి ఇంకా తెలీదు. నేనైతే గొప్పగా బజార్లో ఇద్దరికి చెప్పేశాను. ఇంటికొచ్చాక టెన్షన్ పట్టుకుంది.

ముందు వీసా సంగతి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ చేతపట్టడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకిచ్చినదైనా అంతే. యూనివర్సిటీలో అడిగి తేల్చుకున్నాకే బయలుదేరు. కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ చాలాచోట్ల ఇస్తారు.

నా భయం తుపాకీతో కాదమ్మా, ఎదురుగా నిలబెట్టేదానితో. పబ్లిక్ రేంజ్‌లలో చాలాచోట్ల కాగితం టార్గెట్లే ఒప్పుకుంటారు. అవి వాళ్ల ఫ్రేముకే, వాళ్లు చెప్పిన ఎత్తులోనే బిగించాలి. అప్పుడే తూటా కాగితం దాటి వెనక మట్టికట్టలో దిగుతుంది. ఎత్తుగా పెడితే కట్ట మీంచి పోతుంది, మరీ కిందికి పెడితే నేలను రాసుకుని ఎగురుతుంది. సీసాలు, రాళ్లు, పాత సామాన్లు పెట్టనివ్వకపోతే గొణక్కు.

నేను సైన్యంలో చేరిన కొత్తలో మా బ్యాచ్‌వాడొకడు మా వంటశాల వెనక పారేసిన ఇనప పెనం తెచ్చి మట్టికట్ట ముందు ఆనించాడు. తగిలితే ఠంగుమంటుందని సరదా. మొదటి రెండు మూడు దెబ్బలకి నిజంగానే మోగింది, అందరం నవ్వాం. ఆ దెబ్బలకే పెనం సొట్టలు పడింది. నున్నటి పలక మీద తూటా పగిలి పక్కలకి చిమ్ముతుంది, సొట్టలో పడితే ముక్కలు కాల్చినవాడి వైపే తిరుగుతాయి. వాడు "అబ్బా" అని చెంప పట్టుకుని కూర్చున్నాడు. కంటికి వేలెడు కింద దిగింది, నువ్వుగింజంత రాగి తునక. డాక్టరు తీసి దూది మీద పెట్టి చూపిస్తే, ఇంతేనా అన్నాం. వాడు మాత్రం ఆ తర్వాత చాలాకాలం తుపాకీ ఎత్తితే రెండు కళ్లూ మూసేసేవాడు.

అందుకే ఇనుము వేరేచోట పెడతారు. అదీ గట్టిపరిచిన ఉక్కు, సొట్టలేనిది. రైఫిల్‌కైతే మామూలుగా 100 గజాల దూరం ఉండాలంటారు. పక్క లైన్లో ఎవడైనా డబ్బా పెడితే మొహమాటపడకు, రేంజ్ ఆఫీసర్‌కి చెప్పు. చిన్నప్పుడు నన్నే నిలదీసేదానివి, అక్కడ నీకు మొహమాటమేంటి!

పేలే టార్గెట్ల జోలికి అసలు పోవద్దు. 2017లో మీ అరిజోనాలోనే, పుట్టేది ఆడో మగో చెప్పే వేడుకని ఒకాయన అలాంటిది కాల్చితే దాదాపు 47,000 ఎకరాలు తగలబడ్డాయి. మనుషుల ఫొటోలు అంటించి కాల్చే సరదా కూడా నాకు నచ్చదు. కొన్ని రేంజ్‌లు మనిషి బొమ్మనే ఒప్పుకోవు, మంచి పని.

టార్గెట్ మార్చడానికి అందరూ ఆగాక, తుపాకీలు తెరిచి బల్ల మీద పెట్టాకే ముందుకు నడు.

గేటు దగ్గర రూల్స్ బోర్డు ఉంటుంది, ఫొటో తీసి పంపు. మీ పెద్దమ్మ చదివిపెడుతుంది. మీ అమ్మకి నువ్వే చెప్పు, నావల్ల కాదు.

పెదనాన్న