చాబో బాంటమ్‌లో పొడుగుకాళ్ల పిల్లల్ని తీసెయ్యాలా?

చాబో అంటే పొట్టికాళ్ల చిన్న జపాన్ కోడి. ఇందులో పొట్టికాళ్ల పుంజుని పొట్టికాళ్ల పెట్టలకే జత కట్టినా పిల్లల్లో మూడో వంతు పొడుగుకాళ్లతో వస్తున్నాయి, ప్రతిసారీ కొన్ని గుడ్లు లోపలే పోతున్నాయి, పొడుగువాటిని తీసేస్తూ పోతే జాతి శుద్ధి అవుతుందా అని ఒకరు అడిగారు. అవదు. ఎన్ని తరాలు తీసేసినా అవదు.

క్రీపర్ జీన్ ఒక్క కాపీ ఉంటే కాళ్లు పొట్టిగా వస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పడి రెండు కాపీలైతే పిండం బతకదు. అందుకే బతికున్న ప్రతి పొట్టికాళ్ల చాబోలోనూ ఒక క్రీపర్ కాపీ, ఒక మామూలు కాపీ ఉంటాయి. స్కాట్లాండ్ పొట్టికాళ్ల కోడి స్కాట్స్ డంపీని పెంచేవాళ్లకీ ఇదే లెక్క.

పుంజు పడిన గుడ్లు, అంటే పిండం కట్టే గుడ్లు, 12 పొదగేశారనుకోండి. పొట్టికి పొట్టి కడితే సగటున 3 లోపలే పోతాయి, 6 పొట్టివి, 3 పొడుగువి వస్తాయి. పొట్టికి పొడుగు కడితే 6 పొట్టి, 6 పొడుగు. ఈ జీన్ వల్ల పోయేది ఒక్కటీ ఉండదు. చూశారా, పొట్టి పిల్లలు రెండు పద్ధతుల్లోనూ ఆరే! మొదటి పద్ధతిలో మూడు పిండాల్ని ఊరికే పోగొట్టుకుంటున్నాం, అంతే. అందుకే మంచి ఒళ్లున్న పొడుగుకాళ్ల పిల్లని నేను బంగారంలా చూస్తాను. పొడుగుకి పొడుగు మాత్రం కట్టకండి, పిల్లలన్నీ పొడుగే అవుతాయి.

లోపల పోయిన గుడ్లన్నీ జీన్ ఖాతాలో వెయ్యకూడదు. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూడండి. పుంజు పడని గుడ్డు లోపలంతా తేటగా, పచ్చసొన నీడ ఒక్కటే కనపడుతుంది. పిండం పట్టి పోయిన గుడ్డులో సన్నటి నెత్తుటి గీత ఉంగరంలా నిలిచిపోయి ఉంటుంది. రెండు కాపీలు పడిన పిండాలు ఎక్కువగా మూడు, నాలుగు రోజుల్లోనే ఇలా ఆగిపోతాయి. కొన్ని చివరిదాకా వెళ్లి పోతాయి. అలాంటి గుడ్డు పగలగొట్టి చూస్తే కాళ్లూ రెక్కలూ మొండిగా ఉంటాయి. చివర్లో పోయిన పిల్లకి కాళ్లు సరిగ్గానే ఉంటే తప్పు ఎక్కువగా ఇంక్యుబేటర్‌దే అయ్యుంటుంది: ఫ్యానుంటే 37.5 డిగ్రీల సెల్సియస్ నిలకడగా ఉందో లేదో, తేమ ఎలా ఉందో చూసుకోండి. బాంటమ్ పిల్లలు తరచూ 20వ రోజుకే గుడ్డు పగలగొట్టుకుంటాయి కాబట్టి 17వ రోజుకల్లా గుడ్లు తిప్పడం ఆపెయ్యాలి.

పిల్లలు ఆరగానే చదును నేల మీద నిలబెట్టి పక్కపక్కన చూడండి. పొట్టిదాని పొట్ట నేలకి ఆనినట్టే ఉంటుంది. అప్పుడే కాలికి రెండు రంగుల రింగులు వేసేస్తే తర్వాత తికమక ఉండదు. రింగు బిగుసుకోకుండా పెరిగేకొద్దీ మారుస్తుండాలి.

ఇక ఒళ్లు. కాళ్ల పొట్టితనం జీన్ ఇచ్చేస్తుంది, అందులో మన గొప్పేం లేదు. మనం కష్టపడాల్సింది వీపు, తోక, ఛాతీ మీద. పక్క నుంచి చూస్తే మెడ ఈకలూ తోకా దాదాపు కలిసిపోయి, మధ్యలో వీపు ఇరుకైన లోయలా కనపడాలి. వీపు పొడవైతే మిగతా అన్నీ బాగున్నా అది చాబోలా అనిపించదు. ఛాతీ నిండుగా, ముందుకు పొంగి ఉండాలి. తోక నిటారుగా లేచి, తన పొడవులో మూడో వంతు దాకా తల కంటే పైకి పోవాలి. పుంజు తోకలో పెద్ద ఈకలు కత్తిలా కొద్దిగానే వంగాలి. రెక్కల కొసలు నేలని తాకుతుంటాయి. తల మీది ఎర్ర జుట్టు ఒంటి వరస, పెద్దది, నాలుగైదు పళ్లతో ఉండాలి.

తోక ఒక పక్కకి ఒరిగిందేమో వెనక నుంచి, కోడి తనంతట తాను తిరుగుతున్నప్పుడు చూడాలి. చేత్తో పట్టుకుంటే తెలియదు. ఒరిగిన తోక వంశంలో దిగుతుంది, ఎంత అందమైన పుంజైనా సరే జత కట్టకండి. వాలిన తోకకి మరీ ముందుకు పడే తోకని కడితే సగటు వస్తుందనుకోవద్దు, పిల్లల్లో రెండు లోపాలూ కనపడతాయి. లోపమున్నదానికి ఆ చోట సరిగ్గా ఉన్నదాన్నే కట్టాలి. కాలు మొదటి రోజే తెలుస్తుంది గానీ తోక మీద తీర్పు ఏడెనిమిది నెలలకి ముందు ఇవ్వకండి. రంగు ఆఖర్న చూడొచ్చు. తెల్ల ఒంటికి నల్ల తోకుండే కాట్సురా రంగు కోసం పొడుగు వీపుని దాచుకుంటే, దాన్ని పోగొట్టడానికి తర్వాత చాలా తరాలు పడుతుంది.

పరిమాణంలో పెట్ట మరీ చిన్నదవకూడదు. గుడ్డు చిన్నదైతే పిల్లా బలహీనంగానే వస్తుంది. గుంపులో కాస్త ఒళ్లున్న పెట్టల్నే గుడ్లకి ఉంచండి.

జత కట్టడానికి ముందు పుంజుకీ పెట్టకీ మలద్వారం చుట్టూ ఉన్న మెత్తటి ఈకలు కత్తిరించండి. పొట్టికాళ్లకి తోడు ఈకలు అడ్డుపడటం వల్లే చాలా గుడ్లకి పుంజు పడదు. పుంజుని పొడుగుకాళ్లది, పెట్టల్ని పొట్టివి పెడితే తొక్కడం ఇంకా సులువు. లెక్క మాత్రం ఎటు కట్టినా ఒకటే. పొట్టా రెక్కల కొసలూ నేలకి రాసుకుంటాయి కాబట్టి కింద పొట్టు ఎప్పుడూ పొడిగా ఉండాలి, తడిస్తే అదే రోజు మార్చెయ్యండి. ఎక్కి పడుకునే కర్ర నేలకి జానెడు ఎత్తులో ఉంటే చాలు.