అత్తగారికి నచ్చని లాంతరు

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్లయి రెండేళ్లు, అత్తవారిది శ్రీకాకుళం. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటాను. పాతకాలం వస్తువులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. కోట దగ్గర మా అమ్మమ్మగారింట్లో షోకేసు నిండా పూసల చిలకలు, గాజుపెట్టెలో చెమ్కీల బొమ్మ, టీవీ మీద క్రోషియా గుడ్డ ఉండేవి. ఈ కాలం వాళ్లకి అవి ఎబ్బెట్టుగా ఉంటాయని తెలుసు. నాకు మాత్రం చూస్తే ప్రాణం లేచొస్తుంది. మొన్న సంక్రాంతికి మా హాలంతా అలాగే సర్దాను. పాత సామాన్ల కొట్లో కొన్న లాంతరు, సత్తు కూజా, వైరు బుట్టలు, గుమ్మానికి పూసల తెర, అమ్మమ్మ ఇచ్చిన చిలకల జత. ఫొటోలు పెడితే స్నేహితులందరూ మెచ్చుకున్నారు. పండక్కి వచ్చిన మా అత్తగారి తోడికోడలు మాత్రం "ఏటమ్మా, ఈ తుక్కు అమ్మడానికా, కొన్నారా?" అంది. అందరూ నవ్వారు. మర్నాడు నేను ఆఫీసు కాల్‌లో ఉండగా అత్తయ్య అన్నీ గోనెసంచిలో వేసి అటకెక్కించేశారు. ఒక చిలక దారం తెగి పూసలన్నీ చెల్లాచెదురయ్యాయి. అడిగితే "లాంతరు మాత్రం ఈ ఇంట్లో పెట్టొద్దు" అన్నారు, అంతే. అత్తయ్యది ఉద్దానం వైపు ఊరు, మాట తక్కువ. మా ఆయన "నన్ను మధ్యలోకి లాగొద్దు" అంటారు. పది రోజులుగా ఇంట్లో మాటల్లేవు. నా ఇష్టాన్ని చంపుకోవాలా?

జవాబు: చంపుకోవద్దమ్మా. కానీ ఆ లాంతరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం.

మీ ఉత్తరంలో ముఖ్యమైన మాటని మీరు ఆఖర్న, మామూలుగా రాసేశారు. అత్తగారిది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది అక్కడే. కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్లు, అన్నాళ్లు ఆశ పెట్టుకున్న చెట్లు పడిపోతే ఆ ఇళ్లలో ఏమై ఉంటుందో ఆలోచించండి. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. మీకు ఇది కొత్త సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు విజయనగరంలోనే ఉంటే, మంచినీళ్ల కోసం, కొవ్వొత్తుల కోసం తిరిగిన ఆ వారం గుర్తుండే ఉంటుంది. మీ అత్తగారి పుట్టింటి వాళ్లు ఆ రోజుల్లో ఏం పడ్డారో, ఆమె శ్రీకాకుళంలో కూర్చుని ఫోన్ కలవక ఎంత నలిగిపోయారో నాకు తెలియదు. బహుశా మీకూ తెలియదు, ఎవరూ అడిగి ఉండరు. ఆమెకి లాంతరు అలంకారం కాకపోవడానికి ఈ కారణమే ఉండొచ్చు, దానికంటే పాతదీ ఉండొచ్చు. అడిగితే గానీ తేలదు.

ఒక సంగతి చెప్తాను, నవ్వుకోకండి. కొన్నేళ్ల క్రితం నేనూ మీలాగే సత్తు గిన్నెలు నాలుగు కొని, చుట్టాలొస్తే అందులో మరమరాల మిక్చరు పోసిచ్చాను, గొప్పగా ఉంటుందని. అందరూ తిన్నారు. మా పెద్దమ్మ మాత్రం గిన్నె కింద పెట్టేసింది. సాయంత్రం నా వెనకాలే వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అంది: "మా ఇంట్లో నాన్నకి కంచు కంచం, అన్నయ్యలకి స్టీలు, నాకు సత్తుది." అంతే అంది. ఆ గిన్నెలు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి గానీ, మా పెద్దమ్మ వస్తే లోపల పెట్టేస్తాను.

మీకు ఆ వస్తువులు అమ్మమ్మ ఒడిలాంటివి. ఎందుకంటే మీరు పుట్టేసరికి వాటితో అవసరం తీరిపోయి, సరదా మాత్రమే మిగిలింది. మీ అత్తగారి వయసు వాళ్లు అదే వస్తువుల్ని పనిముట్లుగా వాడారు. వైరు బుట్ట వాళ్లకి ఫ్యాషన్ కాదు, పదో తరగతి అయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని అల్లి, వీధిలో నాలుగిళ్లకి అమ్మితే చేతికొచ్చిన చిల్లర. రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులవి. ఇంట్లో ఇత్తడి బిందెలిచ్చేసి స్టీలు సామాన్లు తెచ్చుకుంటే, ఆ మెరుపు చూసి ఇరుగుపొరుగు వాళ్లొచ్చి చూసిపోయేవారు. అంత కష్టపడి గడప దాటించిన వస్తువులు కోడలు డబ్బులిచ్చి మళ్లీ లోపలికి తెస్తే ఆమెకి ఎలా ఉంటుంది? పైగా తోడికోడలి ఎదుట, పండగ పూట, అందరూ నవ్వారు. ఆ నవ్వు మిమ్మల్ని చూసి కాదు. "ఈవిడ ఇంటిని ఇలా పెట్టుకుంది" అని ఆమెని చూసి. ముందు హాలు ఎవరి పేరు మీద చూస్తారో మన ఊళ్లలో మీకు చెప్పక్కర్లేదు.

ఇంతా చెప్పి, మీ తప్పేమీ లేని చోట మీ పక్షాన ఒక మాట. మీరు పనిలో ఉండగా మీ సామాను గోనెసంచిలో వేయడం పెద్దరికం కాదు. ఆ మాట మీరు అనొచ్చు, అనాలి కూడా. అయితే "మీరు నా చిలకని పాడు చేశారు" అని మొదలుపెడితే ఆమె తప్పించుకోవడానికే చూస్తారు. "అత్తయ్యా, అడిగి ఉంటే నేనే తీసేదాన్ని, అలా తీసేసరికి మనసు కష్టపడింది" అంటే చాలు. క్షమాపణ కోసం కాచుక్కూర్చోకండి. మాట తక్కువ మనుషులు క్షమాపణని కాఫీ గ్లాసు రూపంలో ఇస్తారు, దాన్ని పట్టుకోవడం మీ నేర్పు.

ఆ తెగిన చిలక పూసలు ఏం చేశారు? రాయలేదు. ఊడ్చి పారేయకపోతే ఒక స్టీలు డబ్బాలో పోయండి. ఆ తరం ఆడపిల్లల్లో చాలామందికి నైలాన్ దారంతో పూసల చిలక అల్లడం వచ్చు. ముక్కు దగ్గర ఎర్ర పూసలు ఎన్ని, రెక్క తిరిగే చోట దారం ఎటు దూరాలో నోటికి వచ్చేది. మీ అత్తగారికి వచ్చో రాదో కనుక్కోండి. వస్తే మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుంటారు, రాకపోతే మీ అమ్మమ్మగారికి ఫోన్ చేయొచ్చు, ఆవిడ అటునుంచి అత్తగారితో మాట్లాడతారు. ఏదైనా మంచిదే.

హాలు విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగానే ఉంటుంది. ముందు గది ఆమెకి వదిలేయండి. మీ గది, మీ బాల్కనీ, మీరు పనిచేసే టేబుల్ చుట్టూ మీ ఇష్టం, అక్కడ పూసల తెరలే కాదు, ప్లాస్టిక్ గులాబీలతో తోటే పెంచుకోండి, ఎవరూ నోరెత్తకూడదు. ఆ మాట మీ ఆయన చెప్పాలి. "మధ్యలోకి లాగొద్దు" అనే మనిషి మధ్యలోనే పుట్టాడు, ఇంక తప్పదు. పెద్ద రాయబారాలేం వద్దు, "అమ్మా, తన గదిలో తన సామాను తనది" అన్న ఒక్క వాక్యం చెప్తే చాలు. ఫొటోలు కూడా అలాగే. హాలు ఫొటో పెట్టేముందు ఆమెకి చూపించండి. "పెట్టనా అత్తయ్యా" అని అడిగినందుకే సగం కోపం పోతుంది.

ఇక పండక్కి తగ్గట్టు ఇల్లు సర్దుకునే సరదా మీకుంది కదా. అందులో ఆమె మీకంటే సీనియరు, అది మీరు ఇంకా గమనించినట్టు లేరు. సంక్రాంతి వెళ్లింది, ఇక రథసప్తమి. అరసవల్లి మీ పక్కనే. ఆ రోజు తులసికోట దగ్గర పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి చిన్న రథం చేస్తారు. అది చూడ్డానికి సులువే. చేస్తే మాత్రం చక్రాలు నిలబడవు, కాయ లేతదైతే పుల్ల గుచ్చగానే చీలిపోతుంది, ముదురుదైతే వంగదు. ఏ కాయ ఏరాలో ఆమెకి తెలుసు. ముందు రోజు బజారుకి ఇద్దరూ వెళ్లి కాయలు ఆమె చేతే ఏరించండి. రథం హాల్లో పెట్టండి, ఆమె చేసిందే. మీ ఫోన్‌లో ఆ ఫొటో ఉంటే, ఈసారి తోడికోడలు ఏమంటుందో చూద్దాం.

ఆ పని చేస్తున్నప్పుడే, వీలు చూసుకుని, ఉద్దానం గురించి అడగండి. సమాధానం వెంటనే రాకపోవచ్చు. మళ్లీ మళ్లీ అడక్కండి.

లాంతరు మాత్రం తిరిగి పట్టుకెళ్లి ఇచ్చేయండి. కొట్టువాడు సగం ధర కూడా ఇవ్వడు. ఇచ్చిందే తీసుకుని, దారిలో నైలాన్ దారం కొనుక్కోండి.