రోడ్డు పక్క షెడ్డులో రేకులకు తుప్పు, పనివాళ్ళకు దగ్గు: రెండూ లారీల పొగ వల్లేనా?

మీ షెడ్డు మెయిన్ రోడ్డు మీదే ఉందనీ, రేకులు ఆరేళ్ళకే తుప్పు పట్టాయనీ, పనివాళ్ళకు దగ్గు తగ్గట్లేదనీ రాశారు. పొగ పాత్ర రెండింట్లోనూ ఉంటుందండీ. హైదరాబాద్ బాలానగర్‌లో రోడ్డును ఆనుకుని పద్దెనిమిదేళ్ళు లేత్ వర్క్‌షాపు నడిపాను, కళ్ళారా చూశాను.

మా షెడ్డుకు ముందూ వెనకా ఒకే రోజు, ఒకే రకం జీఐ రేకులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకులు కొట్టించాం. వెనకవి ఇంకా మెరుస్తుండగానే రోడ్డు వైపువి తెల్లగా బూజు పట్టినట్టయ్యాయి, తర్వాత బోల్టుల చుట్టూ ఎర్రబడ్డాయి. డీజిల్ పొగలోని నైట్రోజన్, సల్ఫర్ ఆక్సైడ్లు మంచు తడికి ఆమ్లాలై జింకు పూతను తినేస్తాయి. మసి ఆ తడిని ఆరనివ్వదు. 2020 ఏప్రిల్‌లో వాహనాల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 ప్రమాణం వచ్చాక డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి దిగింది, నిజమే. కానీ పాత ఇంజన్ల మసి ఎక్కడికి పోతుంది?

పిల్లర్లు పెచ్చులూడుతుంటే మాత్రం అంతా లారీల మీదకు నెట్టకండి. కాంక్రీటులోకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దిగి క్షారగుణం పోతే ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. ఊచల పైన కాంక్రీటు మందం (కవర్) తక్కువ వదిలితే ఇంకా త్వరగా. మా ఇంజనీరు పిల్లర్‌కు చిన్న పెచ్చు కొట్టి, క్షారం ఉన్నచోట గులాబీ రంగు తిరిగే ఫినాఫ్తలీన్ అనే మందు చల్లితే లోపల గులాబీ రంగు తిరిగింది, పైన వేలెడు మందం మామూలుగానే ఉండిపోయింది. అంతవరకూ క్షారం పోయిందన్నమాట.

ఇక మనుషుల సంగతి. గేటు పక్క మెషిన్ మీద చేసే ఆయనకు బీడీ అలవాటు కూడా లేదు. సాయంత్రం ముక్కు తుడుచుకుంటే కర్చీఫ్ మీద నల్లటి చార. రెండేళ్ళు దగ్గు మందు కొనిచ్చి ఊరుకున్నాను. మెట్లెక్కలేక ఆయాసపడేసరికి ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీలో ఊపిరితిత్తుల శక్తి బాగా తగ్గిందని తేలింది. ముందే తీసుకెళ్ళనందుకు ఇప్పటికీ బాధే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. పొగలోని పీఎం 2.5 అనే అతి సన్నని రేణువులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు, గుండెకూ ముప్పే.

లోడింగ్ అయ్యేదాకా గేటు దగ్గర లారీ ఇంజన్ ఆపించండి. గాలి వెనక నుంచి వచ్చేలా చూడండి. మా ముందు గోడ ఫ్యాను ఏళ్ళ తరబడి రోడ్డు పొగనే లోపలికి లాగింది. పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టించండి. రేకులను అప్పుడప్పుడూ మంచినీళ్ళతో కడిగించి, తుప్పు గీకించి జింక్ ప్రైమర్ కొట్టించండి. కానీ రేకులకు కొటేషన్ అడిగేలోపే దగ్గుతున్న వాళ్ళకు ఆ ఊదే పరీక్ష చేయించండి.